ఒక్కడి పేరున్న అట్ట

పోయిన అక్టోబరులో మా వీధి చివరనున్న ఛారిటీ షాపులో రెండు పౌండ్లు పెట్టి ఒక పాత ఎల్పీ రికార్డు కొన్నాను. 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమా సంగీతం. 1981లో పాలిడార్ వాళ్ళు వేసింది. అట్ట మూలలు నలిగిపోయాయి, వెనక ఎవరో పెన్సిలుతో ధర రాసి కొట్టేశారు. ప్లేటు మాత్రం దీపం కింద తిప్పి చూస్తే గీతలు పెద్దగా లేవు. ఈ దేశంలో ఈ రికార్డు అరుదేమీ కాదు. ఆ రోజుల్లో ఇంటింటా కొన్నారు గనక ఇప్పుడు ఇంటింటి నుంచీ బయటికొస్తోంది. అయినా నాకు చేతికి దొరికిన క్షణాన విజయనగరంలో మా బడి వార్షికోత్సవం గుర్తొచ్చింది. ఆరో తరగతి పిల్లలం ఆరుగురం, బనీన్లు వేసుకుని, స్టేజీ మీద నెమ్మదిగా, గాలిలో ఈదుతున్నట్టు పరుగెత్తాం. టేపు రికార్డరులో ఇదే పాట. మధ్యలో టేపు చిక్కుకుపోతే మేం అలాగే ఒక కాలు పైకెత్తి నిలబడిపోయాం. జనం అది కూడా నాటికలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ పాట పేరు గానీ, కట్టినవాడి పేరు గానీ అప్పుడు తెలీదు. అది ఒక సినిమాలోదని కూడా తెలీదు. 'పరుగు పందెం మ్యూజిక్' అనేవాళ్ళం, అంతే.

రికార్డు కొన్న వారానికి మా బాబాయి హారో వచ్చాడు. విజయనగరం దాటి ఇంత దూరం రావడం ఆయనకి ఇదే మొదటిసారి. డెబ్బై ఎనిమిదేళ్ళు. పిన్ని పోయాక ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడని నేనే బలవంతపెట్టి రప్పించాను. వచ్చిన మర్నాడు హాల్లో రికార్డు ప్లేయరు చూసి మురిసిపోయి, పక్కనున్న ఈ అట్ట అందుకుని, కళ్ళద్దాలు పైకి జరిపి వెనకవైపు చదవడం మొదలుపెట్టాడు.

"ఒరే, వాయించినవాళ్ళ పేర్లేవిరా?"

"ఒక్కడే బాబాయ్. కట్టింది, వాయించింది, రికార్డు చేయించింది, అన్నీ ఆయనే. వాంగెలిస్ అని, గ్రీకు దేశస్తుడు. సింథసైజరు."

బాబాయి అట్టని మెల్లగా, దెబ్బ తగలకుండా, ఉన్నచోటే పెట్టేశాడు. "అయితే నాకొద్దులే" అన్నాడు.

ఆయన ఎందుకలా అన్నాడో చెప్పాలంటే కొంచెం వెనక్కెళ్ళాలి. మా బాబాయి వయొలిన్ విద్వాంసుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆచార్యులుగా, తర్వాత ప్రిన్సిపాలుగా పనిచేసిన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో, నాయుడు గారి కాలం తర్వాత, చదువుకున్నాడు. 1970 ప్రాంతంలో మద్రాసు వెళ్ళి సినిమా ఆర్కెస్ట్రాలో చేరాడు. కోడంబాకం, వడపళని చుట్టుపక్కల స్టూడియోలు. పొద్దున్న ఒక కాల్‌షీటు, మధ్యాహ్నం ఒకటి. చక్రవర్తి లాంటివారు ఏడాదికి పదుల కొద్దీ సినిమాలు చేస్తున్న కాలం అది. పెద్ద హాల్లో పాతికమంది, ముప్ఫైమంది వయొలిన్లు, వాళ్ళ వెనక సెల్లోలు, ఇంకో పక్క వేణువులు, తబలా, డోలక్. గాజు గదిలో గాయకుడు. అందరూ ఒకేసారి వాయించాలి. ఇరవై తొమ్మిదోవాడు తప్పు వాయిస్తే ముప్ఫైమందీ మళ్ళీ మొదటినుంచి.

ఎనభైల చివరికొచ్చేసరికి కీబోర్డులు వచ్చాయి. మొదట ఒక పక్కన, వింత శబ్దాల కోసం. తర్వాత వయొలిన్ల వెనక, నిండుదనం కోసం. ఆ తర్వాత వయొలిన్ల బదులు. "ముందు మాలో సగం మందిని పిలిచారు. తర్వాత నలుగుర్ని పిలిచి నాలుగుసార్లు వాయించమని, ఒకదాని మీద ఒకటి పేర్చారు. తర్వాత ఎవర్నీ పిలవలేదు" అంటాడు బాబాయి. 1992లో 'రోజా' వచ్చింది. దాని సంగీత దర్శకుడు రెహమాన్, అంతకుముందు దిలీప్‌గా మన రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించినవాడే. ఆ కుర్రాడి మీద బాబాయికి ఏ కోపమూ లేదు. "బంగారం లాంటి చెయ్యి" అనే అంటాడు. కానీ ఆ మరుసటి ఏడాదే ఆయన మద్రాసు ఇల్లు ఖాళీ చేసి ఊరికి తిరిగొచ్చాడు. మా ఇంట్లో 'సింథసైజరు' అన్న మాట చాలాకాలం అమంగళం లాగే చెల్లింది.

అందుకని ఆ రికార్డుని నేను బీరువాలో పెట్టేశాను. కానీ ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, బయట ఎడతెగని వాన, ఆయన నిద్రపోయాక నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని దొంగలా వినడం. మూడో రాత్రి పట్టుబడ్డాను.

"ఏం వింటున్నావురా అంత మురిపెంగా?"

చెప్పాను. "సరే, అంత గొప్పేముందో వినిపించు" అన్నాడు. వినిపించే ముందు నాకు తెలిసినదంతా చెప్పాను. ఆ చెప్పిందే ఇక్కడ కొంత రాస్తున్నాను.

సినిమా కథ 1924 నాటి పారిస్ ఒలింపిక్స్ గురించి. ఇద్దరు బ్రిటిష్ పరుగువీరులు. యూదుడైనందుకు ఎదురైన చిన్నచూపుని పరుగుతో జయించాలనుకున్న హెరాల్డ్ అబ్రహామ్స్ ఒకడు. ఆదివారం పరుగెత్తడం దైవాజ్ఞకి విరుద్ధమని వంద మీటర్ల పందెం వదులుకున్న ఎరిక్ లిడెల్ రెండోవాడు. వందలో అబ్రహామ్స్, నాలుగొందల్లో లిడెల్ బంగారు పతకాలు గెలిచారు. ఇలాంటి పాతకాలపు కథకి ఎవరైనా ఏ పెద్ద ఆర్కెస్ట్రానో పెట్టించుకుంటారు. దర్శకుడు హ్యూ హడ్సన్ మాత్రం సింథసైజర్లు వాయించే వాంగెలిస్ దగ్గరికి వెళ్ళాడు. సముద్రపు ఒడ్డున తెల్లబట్టల్లో కుర్రాళ్ళు పరుగెత్తే మొదటి దృశ్యానికి, అంతకుముందు వాంగెలిస్ కట్టిన 'లాంఫాఁ' అనే వేరే పాటే వాడదామని హడ్సన్ అనుకున్నాడు. వాంగెలిస్ కొత్తది కడతానన్నాడు. ఆ కొత్తదే మనందరికీ తెలిసినది. ఆ పాత పాట కూడా సినిమాలో బ్యాండు మేళం వాయించగా ఒకచోట వినపడుతుంది. ఆ దృశ్యం తీసింది స్కాట్లండులో, సెయింట్ ఆండ్రూస్ ఒడ్డున. కథలో మాత్రం అది ఇంగ్లండులోని కెంట్ తీరం.

వాంగెలిస్ 1943 మార్చి 29న గ్రీసులో వోలోస్ పట్నం దగ్గర పుట్టాడు. స్వరాలు కాగితం మీద రాయడం, చదవడం ఆయన నేర్చుకోలేదు. పారిస్‌లో కొన్నేళ్ళుండి, డెబ్బైల మధ్యలో లండన్ వచ్చి, మార్బుల్ ఆర్చ్ దగ్గర హాంప్డెన్ గర్నీ వీధిలో 'నీమో' అనే సొంత స్టూడియో పెట్టుకున్నాడు. చుట్టూ కీబోర్డులు, కాళ్ళ కింద శబ్దం పెంచే తగ్గించే పెడళ్ళు, ఎదురుగా తెర మీద సినిమా. బొమ్మ చూస్తూ అప్పటికప్పుడు వాయించేవాడు. మొదటిసారి వాయించిన దాంట్లో ఉన్న ప్రాణం రెండోసారికి ఉండదని ఆయన నమ్మకం.

"అంటే మనోధర్మం" అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాటతో కొంచెం మెత్తబడ్డాడని నాకర్థమైంది.

ఆ కీబోర్డుల్లో పెద్దది యమహా సీఎస్‌-80. 1977లో మార్కెట్లోకి వచ్చింది. బరువు సుమారు వంద కిలోలు. ఒకేసారి ఎనిమిది స్వరాలు పలుకుతుంది. దాని గొప్పతనం ఆ బరువులోనో ఆ ఎనిమిదిలోనో లేదు. మామూలు కీబోర్డు మెట్టు నొక్కాక దానితో మన పని అయిపోతుంది. ఇందులో అప్పుడే మొదలవుతుంది. నొక్కిన మెట్టుని ఇంకొంచెం అదిమితే స్వరం పెరుగుతుంది, వణుకుతుంది, మెరుగు తేలుతుంది. అదీ ఏ వేలుకా వేలు విడిగా. నాలుగు వేళ్ళతో నాలుగు స్వరాలు పట్టి ఒక్క చిటికెనవేలు మాత్రం అదిమితే ఆ ఒక్క స్వరమే పైకి లేస్తుంది. మెట్ల పైన పొడుగ్గా ఒక పట్టీ ఉంటుంది. దాని మీద వేలు జారిస్తే స్వరం తెగకుండా పైకీ కిందకీ జారుతుంది.

బాబాయి తన ఎడమచేతి వేళ్ళని మోకాలి మీద ఆడిస్తూ విన్నాడు. "జారు" అన్నాడు. తర్వాత కుడిచెయ్యి కొంచెం ఎత్తి, "ఇది కమాను బరువు" అన్నాడు. నేను పది నిమిషాలు చెప్పింది ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

రికార్డు మొదటివైపు చిన్నచిన్న పాటలు ఆరు. మొదటిది టైటిల్స్, మూడున్నర నిమిషాలు. ఒకే స్వరం గబగబా కొట్టుకుంటూ, ప్రతిధ్వనిస్తూ నడుస్తుంది. గుండె చప్పుడో, అడుగుల చప్పుడో మనమే అనుకోవాలి. దాని మీద మామూలు పియానో మీద, చిన్నపిల్లలైనా పాడుకోగలిగే వరస. రెండోవైపు మొత్తం ఒకటే పాట, ఇరవై నిమిషాలు పైచిలుకు. ఎల్పీలో ఒక వైపుకి అది చక్కగా సరిపోయే కొలత. ఇంకా పొడిగిస్తే గాడులు ఇరుకైపోతాయి, శబ్దం తగ్గించి చెక్కాల్సి వస్తుంది. ముఖ్యంగా సింథసైజరు మంద్రస్వరాలకి గాడి వెడల్పుగా కావాలి.

ఇంకో విషయం. నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు తిరిగే ప్లేటు మీద, అంచున ముల్లు కింద గాడి సెకనుకి యాభై సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. లోపలికి వచ్చేసరికి చుట్టు చిన్నదై, అది ఇరవైకి పడిపోతుంది. అదే సెకను సంగీతాన్ని సగంకంటే తక్కువ చోట కుక్కాలి. అందుకే లోపలి గాడుల్లో గట్టి శబ్దాలు కొంచెం బొంగురుపోతాయి. రెండోవైపు చివరికొచ్చేసరికి నా రికార్డులో పియానోకి కాస్త జీర వస్తుంది. సీడీలో ఆ జీర ఉండదు. నాకెందుకో ఆ జీరే ఇష్టం. పరుగు చివర ఆయాసంలా ఉంటుంది.

ముందు రెండోవైపే పెట్టాను. బాబాయి కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఇరవై నిమిషాలూ కదలకుండా విన్నాడు. మధ్యలో మా అమ్మాయి వచ్చి ఏదో అడగబోతే వేలు నోటి మీద పెట్టి ఆపాడు. ముల్లు లోపలి గాడిలో టక్కు టక్కుమని తిరగడం మొదలయ్యాక కళ్ళు తెరిచాడు.

"వీడు వాయిద్యగాడేరా" అన్నాడు. "యంత్రం కాదు. అక్కడ వేళ్ళున్నాయి."

నాకు గెలిచినంత సంబరమైంది. ఇంకేం, ముప్ఫై ఏళ్ళ అలక తీరిపోయిందనుకుని, ఈ సంగీతానికి ఆస్కారు వచ్చిందనీ, ఆ రోజు 1982 మార్చి 29, సరిగ్గా ఆయన ముప్ఫై తొమ్మిదో పుట్టినరోజు అనీ, ఆయన ఆ సభకి వెళ్ళనేలేదనీ గడగడా చెప్పుకుపోయాను. మే నెలలో అమెరికా పాటల పట్టికలో ఇది మొదటి స్థానంలో నిలిచిందనీ చెప్పాను.

బాబాయి అంతా విని, "బాగుంది. ఈయన వాయించింది చాలా బాగుంది. నా గొడవ వాయించినవాడి గురించి కాదు నాన్నా. వాయించనివాళ్ళ గురించి" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఆయనకి చెప్పని సంగతి ఒకటి నాకు తెలుసు. అదే 1982 మే నెలలో ఇక్కడ బ్రిటన్ సంగీత కళాకారుల యూనియన్‌లో సెంట్రల్ లండన్ శాఖ సింథసైజర్లనీ, డ్రమ్ మెషీన్లనీ నిషేధించాలని తీర్మానించింది. ఒక పెద్ద గాయకుడు కచేరీలకి ఆర్కెస్ట్రా బదులు సింథసైజర్లు తెచ్చుకోవడంతో రాజుకున్న మంట అది. ఆ తీర్మానం యూనియన్ మొత్తానికి నియమం కాలేదు. తర్వాతి రోజుల్లో దాన్ని తలుచుకుని నవ్వినవాళ్ళే ఎక్కువ. ఛాందసుల కథగా నేనూ ఒకప్పుడు స్నేహితులకి నవ్వుతూ చెప్పాను. ఆ శాఖ మీటింగులో కూర్చున్నవాళ్ళలో వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, వచ్చే నెల అద్దె లెక్కలు వేసుకుంటున్నవాడు కూడా ఉండి ఉంటాడని, అతను ఎవరికో బాబాయని, అప్పుడు నాకు తట్టలేదు. ఆ రాత్రి ఆ సంగతి కూడా చెప్పాను. నవ్వకుండా చెప్పాను.

"ఇక్కడా అంతేనన్నమాట" అన్నాడు. ఆ గొంతులో బాధకంటే తోడు దొరికిన ఊరట ఎక్కువ వినిపించింది.

తర్వాత మొదటివైపు పెట్టమన్నాడు. చివరి పాట 'జెరూసలెమ్', ఇక్కడివాళ్ళు జాతీయగీతమంత ప్రేమగా పాడుకునే కీర్తన. విలియం బ్లేక్ పద్యానికి హ్యూబర్ట్ పారీ కట్టిన వరస. సినిమా పేరు కూడా ఆ పద్యంలోంచే పుట్టింది. ఆంబ్రోసియన్ సింగర్స్ అనే బృందం పాడింది. అప్పటిదాకా ఒక్కడు నింపిన ఇంట్లోకి ఒక్కసారి ఊరంతా వచ్చినట్టు, ఒక గుంపు గొంతులు లేచాయి. బాబాయి కుర్చీలో ముందుకి జరిగాడు. "అదిగో, మనుషులు" అన్నాడు. ఆ ఒక్క పాటా మూడుసార్లు వేయించుకున్నాడు.

నవంబరులో ఒక ఎండ కాసిన రోజు ఇద్దరం మార్బుల్ ఆర్చ్ స్టేషన్లో దిగి హాంప్డెన్ గర్నీ వీధికి నడిచి వెళ్ళాం. చిన్న వీధి. నీమో స్టూడియో 1987లోనే మూతపడింది. వాంగెలిస్ కూడా 2022 మే నెలలో పోయాడు. చూడ్డానికి ఏమీ లేదు. బాబాయి మఫ్లరు సర్దుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి నడిచాడు. "కోడంబాకంలో మా థియేటర్ ఉన్నచోట కూడా ఇంతే. ఫ్లాట్లు" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, ఉన్నట్టుండి, "ఒక్కడు ఒంటరిగా గదిలో కూర్చుని అంత చెయ్యడం కూడా కష్టమేరా. మాకు తప్పు వాయించినా పక్కవాడు కాలితో తన్ని చెప్పేవాడు. ఇతనికెవరు చెప్పారో" అన్నాడు.

ఆయన ఊరికి బయల్దేరే ముందురోజు రాత్రి మళ్ళీ ఆ అట్ట చేతిలోకి తీసుకున్నాడు. వెనకవైపు చూస్తూ, "నేను ఎన్ని రికార్డుల్లో వాయించానో లెక్కలేదు. ఒక్క అట్ట మీదా నా పేరు లేదు. సంగీత దర్శకుడి పేరు వేస్తారు, రాసినవారిది వేస్తారు, పాడినవారిది వేస్తారు. ముప్ఫైమంది పేర్లు ఎక్కడ పడతాయి అనేవారు. వీడు ఒక్కడే కాబట్టి వీడి పేరు పట్టింది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేను ఒక తెల్లకాగితం, పెన్నూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ముప్ఫైమంది పేర్లూ పడతాయి బాబాయ్, రాయి" అన్నాను.

మొదట తటపటాయించాడు. తర్వాత కాగితం మీద రెండు అడ్డగీతలు గీశాడు. మొదటి వరస, రెండో వరస, మూడో వరస. కుర్చీలు ఎలా ఉండేవో అలాగే, ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో ఆ క్రమంలో రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరు దగ్గరా ఆగి ఒక కథ. ఒకాయనకి మధ్యాహ్నం భోజనం అయ్యాక కునుకు పట్టేది, కమాను మాత్రం ఆగేది కాదట. ఒకాయన కూతురి పెళ్ళికి అందరూ ఒకరోజు బేటా వేసుకున్నారట. ఇంకొకాయన తర్వాత ఆటో నడిపాడట. పన్నెండు గంటలు దాటేసరికి ఇరవై ఏడు పేర్లు అయ్యాయి. రెండో వరసలో కిటికీ వైపు చివరి కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. "నెల్లూరు నుంచి వచ్చేవాడు. ఎర్రగా ఉండేవాడు. అయ్యో, పేరు నాలుక మీదే ఉందిరా" అని తల కొట్టుకున్నాడు. ఆ రాత్రి గుర్తు రాలేదు. విమానాశ్రయంలోనూ గుర్తు రాలేదు.

ఆ కాగితాన్ని మడిచి రికార్డు అట్టలో పెట్టాను. ఒక్కడు వాయించిన రికార్డులో ఇరవై ఏడుమంది చేరారు. ఇది ఎవరికీ న్యాయం చెయ్యదు, నాకు తెలుసు. ఆ రికార్డంటే నాకు ఇష్టం తగ్గలేదు, తగ్గాలని బాబాయీ కోరుకోలేదు. కానీ ఇప్పుడు ముల్లు దించి, మొదటి చిటపటల తర్వాత ఆ ఒక్క స్వరం కొట్టుకోవడం మొదలవగానే, పక్కన ఖాళీ కుర్చీలు కూడా కనిపిస్తున్నాయి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి వరసల్లో కూర్చున్నవాళ్ళుంటే, ఒక కాగితమూ పెన్నూ తీసుకెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి.

బాబాయి వెళ్ళిన రెండు వారాలకి, ఇక్కడ రాత్రి ఒంటిగంటప్పుడు ఫోను మోగింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. గుండె దడదడలాడుతూ ఎత్తాను.

"ఒరే, దొరికాడురా" అన్నాడు బాబాయి.

లేచి దీపం వేసి, అట్టలోంచి కాగితం తీసి, ఆ పేరు రాసుకున్నాను.